చేపల చెరువు కౌలు వ్యవసాయ ఆదాయం అవుతుందా?

నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారి 2025-26 ఆదాయానికి రిటర్న్ వేయాలి. కొత్త పన్ను విధానమే ఎంచుకుంటున్నాం.

పెన్షన్ ఏడాదికి 8,40,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 7,65,000. మేడ మీద పోర్షన్ అద్దె 1,08,000 వచ్చింది. అందులో కట్టిన ఇంటి పన్ను 4,000, మిగిలిన దాంట్లో 30 శాతం తీసేస్తే 72,800. ఇంతవరకు నాకు స్పష్టంగానే ఉంది.

చిక్కంతా పొలంతోనే. రెండెకరాల వరి చేను కౌలు 70,000. ఇది వ్యవసాయ ఆదాయమే, పన్ను లేదు. మరో మూడెకరాలు చేపల చెరువుకిచ్చాం, దాని కౌలు 3,00,000. పొలం మీద వచ్చిందే కదా, ఇదీ వ్యవసాయమే అని ఊళ్లో అందరూ అంటున్నారు. చేపల పెంపకం వ్యవసాయం కిందికి రాదని నేను చదివాను. అందుకే దీన్ని ఇతర ఆదాయంలో కలిపాను. మొత్తం 11,37,800 అయింది.

నా లెక్క సరైనదేనా? 12 లక్షల లోపు ఆదాయానికి ఇచ్చే రిబేటు చూసేటప్పుడు వరి కౌలు 70,000 కూడా కలుపుతారా? కలిపితే పరిమితి దాటిపోతుంది, అదే నా టెన్షన్. శ్లాబు రేటు కోసం వ్యవసాయ ఆదాయాన్ని కలిపి లెక్కిస్తారని తెలుసు, రిబేటుకీ అదే పద్ధతా?

ఇంకొకటి, వ్యవసాయ ఆదాయం 5,000 దాటింది కాబట్టి ఐటీఆర్-1 కుదరదు, ఐటీఆర్-2 వేయాలి కదా? ఇలాంటి చెరువు కౌలు చూపించి రిటర్న్ వేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. నాన్నగారికి ఈ వయసులో నోటీసు రాకూడదని నా తాపత్రయం.