అంకో బయట కొని "చేతి తయారీ" అని చీటీ పెట్టొచ్చా?

పద్మజ_క్యోటో:
మా వీధి చివర ఓ చిన్న వగాషి కొట్టుంది, అంటే జపాన్ సంప్రదాయ మిఠాయిల కొట్టు. తాత, తండ్రి, ఇప్పుడు కొడుకూ కోడలూ. గాజు పెట్టె మీద "అన్నీ చేతి తయారీ" అని చీటీ. మొన్న పొద్దున్నే వెళ్తే వ్యాన్లోంచి తెల్ల అంకో సంచులు దించుతున్నారు. అంకో అంటే గింజలు ఉడికించి పంచదారతో దగ్గరపెట్టిన ముద్ద, మన పూర్ణం లాంటిది. మిఠాయిలో ఉండేదంతా అదే కదా! పూలూ ఆకుల ఆకారంలో చేసే ఆ నెరికిరి మిఠాయిలు ఒక్కోటి 450 యెన్లు పెట్టి ఏడాదిగా కొంటున్నా. ఇది మోసం కాదా?

రవి_ఒసాకా:
కాదండీ. అంకో చేసి కొట్లకు వేసేవాళ్లు జపాన్‌లో ఎప్పటినుంచో ఉన్నారు, సేయాన్‌జో అంటారు. గింజలు నానబెట్టాలి, వగరు నీళ్లు పారబొయ్యాలి, పొట్టు తియ్యాలి, నీళ్లు మార్చి మార్చి కడిగి గుడ్డలో పిండాలి, అప్పుడు పంచదార. ఇద్దరు మనుషులు అదీ చేసి, పూలూ ఆకులూ చెయ్యగలరా?

శ్రీను_ఆత్రేయపురం:
అంత కష్టం కాబట్టే, చెయ్యనివాళ్లు చేశామని చెప్పుకోకూడదు. కొన్న పిండితో గారెలు వేసి "మా రుబ్బురోలు గారెలు" అంటే ఊరుకుంటారా?

లత:
రుచి బాగుంటే చాలు నాకు.

కిరణ్_నగొయా:
ఒక సవరణ. క్యోటోలో ఎక్కువగా చేసేది నెరికిరి కాదు, కొనాషి. నెరికిరిలో తెల్ల అంకోకి గ్యూహి అనే జిగురు బియ్యప్పిండి ముద్ద కలుపుతారు, కొనాషిలో గోధుమపిండి కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు. మీరు కొన్నది ఏది?

పద్మజ_క్యోటో:
నేనడిగింది అది కాదండీ.

కిరణ్_నగొయా:
తేడా ముఖ్యం. 2022లో జపాన్ ప్రభుత్వం ఈ మిఠాయిల తయారీని సాంస్కృతిక సంపదగా నమోదు చేసినప్పుడు రెండు పేర్లూ రాసింది.

రవి_ఒసాకా:
శ్రీను గారూ, చదువుకునే రోజుల్లో అలాంటి కొట్లో గిన్నెలు కడిగాను. పెద్దాయన ముద్దను అరచేతిలో పెట్టుకుని, మూడంచుల చెక్కతో చామంతి రేకులు ఒక్కొక్కటే నొక్కేవాడు. ఒక్క రేకు వంకరపోయినా ముద్దను మళ్లీ కలిపేసేవాడు. అది చేతి పని కాదా? మీ ఆత్రేయపురంలో మాత్రం? రేకు తీసేది ఒకరు, కొని చుట్టి అమ్మేది ఇంకొకరు!

శ్రీను_ఆత్రేయపురం:
మా ఊరు తెచ్చారు కాబట్టి చెప్తున్నా. ఆ రేకు తీసింది మా అమ్మ. బోర్లించిన కుండ కింద మంట, పిండినీళ్లలో ముంచిన గుడ్డ కుండ మీద పరిచి ఒక్క లాగు లాగాలి. ఇరవై ఏళ్లు తీసింది. ఓ కొట్టాయన వందల లెక్కన కొనుక్కెళ్లి, డబ్బా మీద "మా ఇంటి చేతి పూతరేకులు" అని వేసుకునేవాడు. అమ్మ ఒకసారి ఆ డబ్బా చేతిలోకి తీసుకుని, చూసి, పక్కన పెట్టేసింది. ఏమీ అనలేదు. 2023లో మా పూతరేకుకి జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషమే. చామంతి చేసిన చేతిని నేను కాదనట్లేదు. గింజలు ఉడికించిన చెయ్యి ఎవరిదని అడుగుతున్నా.

రవి_ఒసాకా:
అన్నా, ఇది తెలిస్తే అలా రాసేవాణ్ణి కాదు. కానీ ఒక్క మాట. ఆ పెద్దాయన కొడుకు ఈ పని నాకొద్దని వెళ్లిపోయాడు. అంకో కొనడం మొదలెట్టబట్టే కొట్టు ఇంకో ఐదేళ్లు నడిచింది.

శ్రీను_ఆత్రేయపురం:
కొనుక్కోమనే అంటున్నా తమ్ముడూ. చీటీ మీద "అంకో ఫలానా వాళ్లది" అని ఒక్క లైను రాస్తే ఏం పోతుంది?

పద్మజ_క్యోటో:
ఇవాళ వెళ్లి అడిగాను. కోడలు ఏమీ దాచలేదు. అంకో చేసేదీ ఓ కుటుంబమేనట, మామగారి కాలం నుంచి వాళ్ల దగ్గరే కొంటున్నారట. మరి చీటీ మీద రాయలేదేమంటే, "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు" అంది. రేపు జూన్ 30, మినాజుకి అనే మిఠాయి తినే రోజు. మళ్లీ వెళ్తా.

శ్రీను_ఆత్రేయపురం:
చీటీ మారిందేమో చూసి చెప్పండమ్మా.