అప్‌డేట్: కంపైలర్ మార్చాక బెంచ్‌మార్క్ స్లో అయింది - కారణం దొరికింది

పోయిన నెల అడిగాను కదా: మా ఎల్ఎల్‌వీఎం (ఓపెన్ సోర్స్ కంపైలర్) కాపీలో ఇన్‌లైనింగ్ పాస్‌ని (ఫంక్షన్ కోడ్‌ని పిలిచిన చోటే పెట్టే దశ) కొంచెం మార్చాక టెస్టులన్నీ పాసయ్యాయి కానీ, ఒక పార్సర్ బెంచ్‌మార్క్ 6 శాతం నెమ్మదించింది. ఇంకో ప్రోగ్రాం ఓ2లో (కోడ్‌ని వేగంగా చేసే కంపైలర్ సెట్టింగ్) తప్పు జవాబు ఇచ్చింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

"టైమ్ వదిలేసి ఇన్‌స్ట్రక్షన్ల లెక్క చూడండి" అన్న సలహాయే దారి చూపింది. పెర్ఫ్ స్టాట్‌లో (ప్రాసెసర్ కౌంటర్లు చూపే లినక్స్ టూల్) పాత, కొత్త బైనరీల ఇన్‌స్ట్రక్షన్ల లెక్క దాదాపు ఒకటే, ప్రాసెసర్ సైకిల్సే పెరిగాయి. రెండు డిస్అసెంబ్లీలూ (బైనరీలోని ఇన్‌స్ట్రక్షన్ల జాబితాలు) పక్కపక్కన పెట్టి చూస్తే హాట్ లూప్‌లో (ఎక్కువ టైమ్ గడిచే లూప్) ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా మారలేదు! దాని ముందున్న ఫంక్షన్ సైజు మారడంతో లూప్ మొత్తం 16 బైట్లు పక్కకు జరిగి, 64 బైట్ల కాష్ లైన్ (ప్రాసెసర్ మెమరీని ఒకేసారి తెచ్చుకునే ముక్క) సరిహద్దుకి అటూ ఇటూ పడింది. రెండు బిల్డుల్లోనూ లూప్ అలైన్‌మెంట్ 64 పెట్టగానే, అంటే లూప్ 64 బైట్ల హద్దు దగ్గరే మొదలయ్యేలా చేయగానే, తేడా మాయం. వారం రోజుల టెన్షన్ దీనికోసమా అనిపించింది.

తప్పు జవాబుకి కారణం ఆ ప్రోగ్రామే. సీ-రెడ్యూస్ (తప్పు కనిపిస్తూనే ఉండేలా ప్రోగ్రాంని కుదించే టూల్) రాత్రంతా నడిచి దాన్ని 19 లైన్లకు దించింది, చూస్తే సైన్డ్ ఓవర్‌ఫ్లో (సైన్డ్ పూర్ణాంకం తన పరిమితి దాటడం, సీలో దీని ఫలితానికి గ్యారంటీ లేదు). అయితే కుదించేటప్పుడు అలాంటి తప్పు కొత్తగా కూడా దూరొచ్చు, అందుకే అసలు ప్రోగ్రాంని కూడా యూబీశాన్‌తో (ఇలాంటి తప్పుల్ని నడిచేటప్పుడే పట్టే టూల్) నడిపాను. అదే లైన్ చూపించింది. ఆ పని మొదటే చేయాల్సింది.

టర్బో (ప్రాసెసర్ వేగాన్ని తానే పెంచుకోవడం) ఆపడం, ఏఎస్ఎల్ఆర్ (ప్రతిసారీ మెమరీ అడ్రసులు మార్చే రక్షణ) తీసేయడం వల్ల అంకెలు నిలకడగా వచ్చాయి గానీ ఆ 6 శాతం కదల్లేదు. గిట్ బైసెక్ట్ (ఏ కమిట్‌తో తేడా వచ్చిందో వెతికే కమాండ్) అవసరమే రాలేదు, ఉన్నదే ఒక్క కమిట్.

మా ఇన్‌లైనింగ్ ప్యాచ్ నిన్న మెర్జ్ అయింది.