పౌర విమానాన్ని పొరపాటున కూల్చేస్తే బాధ్యత ఎవరిది?

బేగంపేట_బ్లిప్:
పేల్చిన పక్షానిదే అంటాను. 2014లో తూర్పు ఉక్రెయిన్ మీద 298 మందితో కూలిన మలేసియా విమానం ఎంహెచ్17 కేసులో నెదర్లాండ్స్ కోర్టు 2022 నవంబరులో ముగ్గురికి యావజ్జీవం వేసింది. మీట నొక్కిందెవరో తేలకపోయినా, విమానాల్ని కూల్చే బుక్ క్షిపణిని అక్కడికి తెప్పించినందుకే ఆ శిక్ష. ఇందులోకి విమాన సంస్థనీ, గగనతలం మూయని దేశాన్నీ లాగితే అసలు దోషికి సందు దొరుకుతుంది.

రూట్_డెస్క్:
నేర శిక్ష వరకు మీ మాట నిజమే అన్నా. కానీ జూలై 14న ఏం జరిగిందో చూడండి. ఉక్రెయిన్ సైన్యం ఆంటోనోవ్-26 రవాణా విమానాన్ని దాదాపు 6,500 మీటర్ల (సుమారు 21,000 అడుగుల) ఎత్తులో కూల్చేశారు. భుజం మీద నుంచి పేల్చే క్షిపణి అంత పైకి అందదు. పెద్ద ఆయుధం దిగిందని ఆ రోజే తెలియాలి. ఉక్రెయిన్ మాత్రం 32,000 అడుగుల దాకా మూసి ఊరుకుంది. 17న ఎంహెచ్17 వెళ్తున్నది 33,000 అడుగుల్లో. బుక్‌కి అంతకు రెట్టింపు ఎత్తు కూడా అందుతుంది. ఆ రోజు మూసేలోపు 160 విమానాలు అదే ఆకాశంలో తిరిగాయి. పూర్తిగా మూయడానికి తగిన కారణం ఉందని డచ్ భద్రతా మండలి తేల్చి చెప్పింది.

ఉప్పల్_ఇంజినీర్:
టెహ్రాన్‌లో కూల్చిన ఉక్రెయిన్ సంస్థ విమానం పీఎస్752 ఇంకా ఘోరం. 2020 జనవరి 8 తెల్లవారుజామున ఇరాక్‌లోని అమెరికా స్థావరాల మీద ఇరాన్ క్షిపణులు వేసింది, ఎదురుదాడి తప్పదని కాచుకుని ఉంది. అయినా టెహ్రాన్‌లో విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. ఇరాన్ సొంత నివేదిక ప్రకారం టోర్ అనే క్షిపణి వాహనాన్ని చోటు మార్చాక దిక్కు సరిచూడలేదు, 107 డిగ్రీల తేడా ఉండిపోయింది. దాంతో ఊరి నుంచి బయటికెళ్తున్న విమానం ఊరి మీదికి వస్తున్నట్టు కనిపించింది. కమాండ్ కేంద్రానికి పంపిన సందేశం చేరలేదు. జవాబు రాకపోతే ఆగాలి, కానీ పేల్చారు. అర నిమిషంలోపే ఇంకొకటి. 176 మంది పోయారు. తన పౌరుల్ని చాలామందిని పోగొట్టుకున్న కెనడా ఈ వివరణను ఒప్పుకోలేదు, నాకూ చాలదు. దిక్కు తప్పు ఒక్కటే అయితే, మిగతా మెట్లలో ఎక్కడో ఒకచోట ఆగిపోవాలి కదా?

రూట్_డెస్క్:
అదే విమానం కేసులో విమాన సంస్థది కూడా నిర్లక్ష్యమేనని కెనడాలోని ఒంటారియో కోర్టు 2024లో తేల్చింది. విమాన ప్రయాణికుల పరిహారం మీద ఉన్న అంతర్జాతీయ మాంట్రియల్ ఒప్పందం కింద 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 1,51,880 ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క యూనిట్ల) దాకా తప్పు లేకపోయినా కట్టాల్సిందే. ఆపైన తప్పించుకోవాలంటే, తన నిర్లక్ష్యం లేదనో, పూర్తిగా వేరేవాళ్ల తప్పనో సంస్థే రుజువు చేసుకోవాలి. అసలు దోషి దీనివల్ల ఎక్కడ తప్పించుకున్నాడు?

బేగంపేట_బ్లిప్:
పరిహారం విషయంలో ఒప్పుకుంటాను. నా భయం 1988 లాంటిది. అమెరికా నౌక విన్సెన్స్ 290 మంది ఉన్న ఇరాన్ విమానాన్ని కూల్చింది. హెచ్చరికల్లో ఎక్కువ భాగం పౌర విమానం వినలేని సైనిక ఫ్రీక్వెన్సీలో పోయాయి. 1996లో 6.18 కోట్ల డాలర్లు ఇచ్చారు, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. డబ్బు కడితే కేసు అయిపోయినట్టేనా?

ఉప్పల్_ఇంజినీర్:
కాదు. కానీ యుద్ధంలో ఉన్న దేశం తన ఆకాశాన్ని తానే మూస్తుందని ఎదురుచూడటం కూడా కుదరదు. 2019 జూన్‌లో ఇరాన్ అమెరికా డ్రోన్‌ను కూల్చగానే, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏతో మాట్లాడుకుని మన విమాన సంస్థలు ఇరాన్ మీది ఆ ప్రమాదకర దారి వదిలేశాయి. శంషాబాద్ నుంచి గల్ఫ్‌కి రోజూ ఇంతమంది వెళ్తున్నప్పుడు, ఆ నిర్ణయం సంస్థల ఇష్టానికి వదలకుండా డీజీసీఏనే ఆదేశంగా ఇవ్వాలి.