రాయల్ అకాడమీ సమ్మర్ ఎగ్జిబిషన్: మొదటి రౌండ్ దాటాను, ఫ్రేమ్ ఏది వేయించాలి?

నీలిసిరా: ఎవరైనా ఫీజు కట్టి తమ కళని పంపగల ఈ లండన్ ప్రదర్శనకి, ఫొటోలు చూసి చేసే వడపోతలో నా లినోకట్ (లినోలియం పలక చెక్కి అచ్చేసిన బొమ్మ) నెగ్గింది. ఇక అసలు ప్రింట్‌ని అకాడమీ భవనం బర్లింగ్టన్ హౌస్‌కి చేర్చాలి. ఫ్రేమ్ ఎలాంటిదైతే మంచిది? ధర ఎంత పెట్టాలి?

లెస్టర్ బాబాయ్: శుభం తల్లీ! ఫ్రేమ్ కంటే ముందు కొరియర్ సంగతి చూసుకో. మూలలకు అట్టలు కట్టి, "పగిలేది" అని రాసి ఇచ్చినా నా ఫ్రేమ్ మూల చితికిపోయింది. అడిగితే ప్యాకింగ్ సరిగా లేదన్నారు. ఎలా మండుతుంది చెప్పు!

మట్టిబొమ్మ: శిల్పాలు పంపేవాళ్లు ప్రతి ముక్క మీదా పేరు రాయండి. 2006లో శిల్పి డేవిడ్ హెన్సెల్ పంపిన నవ్వే తల, దాని పలకరాతి పీఠం విడిపోయాయి. కమిటీ తలని వద్దని, పీఠాన్నీ దానిమీది చిన్న చెక్కముక్కనీ ప్రదర్శనలో పెట్టింది.

కుంచెరావు: అందుకే నేను పంపడం మానేశాను. శిల్పం పోయి దిమ్మె మిగిలిందని కూడా గుర్తుపట్టలేనివాళ్లకి ఫీజు కట్టాలా?

మట్టిబొమ్మ: రెండూ వేరువేరు ఎంట్రీలుగా ముందుకొచ్చాయండీ. పీఠం రూపం నచ్చింది, తీసుకున్నారు. కళ్లతో చూసే తీర్పు చెప్పారు.

కుంచెరావు: శిల్పి చెక్కింది తల! ఆయన చెప్పదలుచుకున్నది పక్కన పడేస్తే అది తీర్పెలా అవుతుంది? మీ బొమ్మకి ఇలా జరిగితే ఊరుకుంటారా?

గ్యాలరీమనిషి: ఇరవై ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నాను, నా మాట వినండి. పేరుదే రాజ్యం. 2018లో పేరుమోసిన వీధి చిత్రకారుడు బ్యాంక్సీ మారుపేరుతో పంపితే తిప్పేశారు. తర్వాత ఆ ఏటి ప్రదర్శన బాధ్యత చూస్తున్న కళాకారుడు గ్రేసన్ పెర్రీ అడిగితే బ్యాంక్సీ ఇచ్చిన బొమ్మ గోడెక్కింది.

కుంచెరావు: మరి మాలాంటివాళ్ల డబ్బెందుకు?

హౌన్స్‌లో శారద: ఎందుకో తెలుసుకుని మాట్లాడండి. అకాడమీ నడిపే కళల స్కూల్‌లో విద్యార్థులకి చదువు ఉచితం, ఈ రాబడి దానికీ వెళ్తుంది. 1769 నుంచి ఒక్క ఏడూ ఆగని ప్రదర్శన ఇది. నీలిసిరా గారూ, ప్రింట్ అయితే కాపీకి అందుబాటు ధర పెట్టండి. ఒక్కో కాపీ అమ్ముడైనకొద్దీ పక్కన ఎర్రచుక్క అతికిస్తారు. చుక్కలు బారుగా కనబడితే కొనేవాళ్లు అక్కడే ఆగుతారు.

మట్టిబొమ్మ: ఎర్రచుక్కంటే ఆనాటి ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ గుర్తొచ్చాడు. 1832లో ఇదే ప్రదర్శనలో, తోటి చిత్రకారుడు కాన్‌స్టబుల్ బొమ్మ పక్కన తన సముద్రం వెలవెలబోతోందని, గోడమీదున్న బొమ్మకే ఎర్రరంగు అద్ది, దాన్ని నీళ్లలో తేలే బోయాగా దిద్దాడు. అదీ పనితనం!

కుంచెరావు: పక్కవాడి ఏళ్ల కష్టాన్ని ఒక్క చుక్కతో దెబ్బతీయడం పనితనమా? కాన్‌స్టబుల్ వైపు నుంచి ఆలోచించండి.