డిపాజిట్ విరిచి కార్డు బాకీ తీర్చేయాలా?

నెల జీతం 100 అనుకుంటే, పర్సనల్ లోన్ ఈఎంఐకి 38, అద్దెకు 24 పోతున్నాయి. ఏడాది కిందట 27తో గడిచిన ఇంటి ఖర్చు ఇప్పుడు 35 అయింది. క్రెడిట్ కార్డు మినిమం డ్యూ (నెలనెలా తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) ఇంకో 6. మొత్తం 103! జీతానికి మించిన ఆ 3 మళ్లీ కార్డు మీదే గీకుతున్నాం, ఏడు నెలలుగా ఇదే తంతు.

కార్డు బాకీ 120, వడ్డీ నెలకు 3 శాతం. కట్టే 6లో 3.6 వడ్డీకే పోతోంది. పాత బాకీ ఉండగా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదట, కొన్నరోజు నుంచే వడ్డీ. ఇది ఆలస్యంగా తెలిసింది, తప్పు నాదే.

ఖర్చులు రాసుకుని కోయగలిగినవన్నీ కోశాను. 35 అనేది కోశాక మిగిలిన లెక్కే. లోన్ (14 శాతం, ఇంకా 26 నెలలు) గడువు పెంచమంటే బ్యాంకు ఒప్పుకోలేదు. కార్డు బాకీని ఈఎంఐలుగా మార్చుకుందామంటే నెలవారీ కట్టుబడి 6 దాటిపోతోంది.

మిగిలింది ఒక్క ఫిక్స్‌డ్ డిపాజిట్. విలువ 100, వడ్డీ ఏడాదికి 6.5 శాతం. అత్యవసరానికి వేరే దారి లేదు.

ఇలాంటి స్థితి దాటినవాళ్లు చెప్పండి: డిపాజిట్ మొత్తం విరిచి కార్డుకు కట్టేయాలా, లేక ఒక నెల ఇంటి ఖర్చుకు సరిపడా 35 ఉంచుకుని 65 మాత్రమే కట్టాలా?