మనీలాలో క్రిస్మస్: గేటు దగ్గర పాడే పిల్లలకు ఎంత ఇవ్వాలి?

మెడిసిన్ కోసం వచ్చాను, ఇక్కడ ఇదే మొదటి డిసెంబర్. ఉక్కపోతకు ఫ్యాన్ కింద కూర్చుంటే చాలు, గేటు దగ్గర పిల్లల గుంపు, ఏదో గలగలలాడిస్తూ పాటలు. ఎంత ఇవ్వాలి? ఇవ్వకపోతే ఏమన్నా అనుకుంటారా?

— అనుకోవడం ఏంటి తమ్ముడూ, పాడి మరీ అంటారు! ఇస్తే థాంక్యూ పాట. ఇవ్వకపోతే అదే బాణీలో నిన్ను పిసినారిని చేసి పాడి పారిపోతారు. మా ఇంటి ముందు రెండోదే ఎక్కువ వినబడేది, మా రూమ్మేట్ పుణ్యమా అని. గుంపుకో పది, ఇరవై పెసోలు చాలు, చిల్లర దగ్గర పెట్టుకో. ఆ గలగల ఏంటో దగ్గరికెళ్లి చూడు: కూల్‌డ్రింక్ సీసాల మూతలు సుత్తితో చదును చేసి, మేకుతో చిల్లు కొట్టి తీగకు గుచ్చుతారు. పాల డబ్బా డ్రమ్ము. వద్దనుకుంటే లైటార్పి దాక్కోకు, "పటావాద్ పో" అను. క్షమించండి అన్నట్టు. చాలామంది నవ్వుకుంటూ పక్కింటికి పోతారు.

— అక్క చెప్పింది కరెక్ట్. 16 నుంచి 24 దాకా తెల్లవారుజామున సింబాంగ్ గబి ప్రార్థనలుంటాయి. క్రైస్తవుడివి కాకపోయినా చర్చి బయటికైనా వెళ్లు. వెదురు గొట్టాల్లో ఆవిరికి ఉడికిన ఊదారంగు పుటో బుంబోంగ్ (మన పిట్టులాంటి బియ్యప్పిండి వంటకం) అమ్ముతుంటారు, పైన కొబ్బరి కోరు. చల్లారితే గట్టిపడుతుంది, అక్కడే నిలబడి తినెయ్.

— థాంక్స్ అక్కా, అన్నా. నాణేలు గ్లాసులో పోసి తలుపు దగ్గర పెట్టాను. నిన్నటి గుంపే టోపీలు మార్చుకుని మళ్లీ వస్తే ఇవ్వాలా?

— ఇచ్చెయ్. టోపీలకైనా ఇవ్వాలి కదా!