కేబుల్ పీకించి ఫ్రీ డిష్, ఓటీటీ పెట్టుకుంటే నిజంగా మిగిలేదెంత?

తెనాలి డాబా

మా ఇంట్లో కేబుల్‌కి నెలకి 350 రూపాయలు. ఇంటర్నెట్ 399 ప్లాన్, జీఎస్టీ కలిపితే 470.82. నేనూ మా ఆవిడా టీవీ పెట్టేది రాత్రి భోజనాల వేళ, అదీ యూట్యూబే. అత్తయ్యగారు సాయంత్రం దీపం పెట్టిన దగ్గర్నుంచి పది దాకా సీరియళ్లు. మావయ్యగారికి వార్తలు, ఇండియా ఆడితే క్రికెట్. కేబుల్ తీసేసి, డాబా మీద దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్ బిగించుకుని, మిగతాది ఓటీటీలో చూసుకుందామని నా వాదన. డిష్షుకీ బాక్సుకీ బిగింపుకీ ఒక్కసారి రెండు వేల దాకా అవుతుంది, ఆ తర్వాత నెలనెలా కట్టేదేమీ లేదు. ఏడాదికి 4,200 మిగులు. మా ఆవిడేమో "గొడవ తప్ప మిగిలేదేమీ ఉండదు" అంటోంది. మారినవాళ్లు, మారి మళ్లీ వెనక్కి వచ్చినవాళ్లు, ఇద్దరూ చెప్పండి.

మియాపూర్ ఫ్లాట్

ఇందులో చర్చించడానికి ఏముంది? ఇంటర్నెట్‌కి ఎలాగూ కడుతున్నారు. తెలుగు వార్తా చానెళ్లు చాలావరకు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నాయి, పైసా ఖర్చు లేదు. కొత్త సినిమాలు వారాల్లోనే ఓటీటీకి దిగుతున్నాయి, టీవీలో వేసేసరికి ఇంటిల్లిపాదీ చూసేసి ఉంటారు. టెలికాం, టీవీ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కలు చూడండి: డబ్బు కట్టే డీటీహెచ్ చందాదారులు 2021లో 7 కోట్ల దరిదాపుల్లో ఉండేవాళ్లు, 2025కి 6 కోట్ల లోపుకి దిగారు. ఇంతమంది ఊరికే వదిలేశారా?

కరీంనగర్ పోరడు

అన్నా, లెక్క మంచిగనే చేసినవ్ గని అత్తమ్మ చూసే సీరియల్ ఏ చానల్‌ల వస్తదో అడిగినవా? స్టార్ మాది అయితే జియోహాట్‌స్టార్. జీ తెలుగుది అయితే జీ5. జెమినిది అయితే సన్ నెక్స్ట్. ఈటీవీది అయితే ఈటీవీ విన్. మా అమ్మ ఒక్క సాయంత్రంల వీటిల మూడింటి మీద తిరుగుతది. మూడు యాప్‌లకు పైసలు కడితే కేబుల్ బిల్లు వెనక దర్వాజల నుంచి మల్ల ఇంట్లకు వచ్చినట్టే.

ఇగ ఫ్రీ డిష్ అంటవా, అండ్ల స్టార్ మా, జీ తెలుగు, జెమిని లేనే లేవు. అవి పే చానల్లు, ఆడ ఎందుకుంటయ్? హిందీ సినిమాలు, హిందీ పాటలు బొచ్చెడు. మనయి అంటే డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి. వాటి కోసం డిష్ పెట్టేటోళ్లు చెయ్యెత్తున్రి.

మియాపూర్ ఫ్లాట్

మూడు యాప్‌లూ ఒకేసారి ఎందుకు? ఒక దానికి మూడు నెలలు కట్టి, అది ఆపి ఇంకోటి తీసుకోవచ్చు కదా.

కరీంనగర్ పోరడు

సినిమాకు నడుస్తది అన్నా. రోజూ వచ్చే సీరియల్ మూడు నెలలు ఆపుమంటే అత్తమ్మ నిన్నే ఆపుతది.

వైరు మీద బతుకు

నేను కేబుల్ ఆపరేటర్‌ని. నా మాట అనుమానంగా చూస్తారని తెలుసు, అందుకే అంకెలే చెబుతా.

2019లో ట్రాయ్ కొత్త టారిఫ్ అమలైన దగ్గర్నుంచి బిల్లు రెండు ముక్కలు. ఒకటి నెట్‌వర్క్ ఛార్జీ: 130, జీఎస్టీతో 153.40. రెండోది మీరు ఎంచుకున్న పే చానెళ్ల ధర. మొదట్లో ఆ 130కి వంద చానెళ్లు, 2020 సవరణలో రెండు వందలు చేశారు. 2024 జూలైలో 130 దాటకూడదన్న ఆ పరిమితే ఎత్తేశారు కాబట్టి ఎవరి రేటు వాళ్లు పెట్టుకోవచ్చు. మా వైపు ఇంకా పాత రేటే నడుస్తోంది. ఏ చానెల్‌నైనా ప్యాక్‌లో కలపాలంటే దాని విడి ధర 19 దాటకూడదు. జీఎస్టీ వేస్తే 22.42. అత్తగారికి కావలసినవి మూడు చానెళ్లు అనుకోండి, 67.26. మొత్తం 220.66. మీరు 350 కడుతున్నారంటే ఇంట్లో ఎవరూ చూడని కార్టూన్లు, ఇంగ్లీషు సినిమాలు, నాలుగు రకాల స్పోర్ట్స్ ఉన్న ప్యాక్‌లో ఉన్నారన్నమాట. ఆ ప్యాక్ తీయించుకుంటే డాబా ఎక్కే పని లేకుండానే నెలకి 129 మిగులుతాయి.

మాకేదో మూటలు మిగులుతున్నాయనుకోకండి. విడిగా ఒప్పందం లేనిచోట ఆ 130లో 55 శాతం మాకు సిగ్నల్ ఇచ్చే పెద్ద నెట్‌వర్క్‌కి పోతుంది, 45 శాతం మాది. అంటే 58.50. స్తంభాల అద్దె, కుర్రాడి జీతం, కోతులు తెంపిన వైర్లు, అన్నీ అందులోంచే.

నెల్లూరు ట్రంకు రోడ్డు

ఆపరేటర్ గారూ, లెక్క బాగుంది. కానీ మా వీధిలో విడిగా చానెళ్లు కావాలని అడిగితే "సిస్టంలో ఆ ఆప్షన్ లేదండీ" అన్నారు. రెండు వారాలు తిప్పి, చివరికి ఇంకో ప్యాక్ అంటగట్టారు.

వైరు మీద బతుకు

ప్రతి చానెలూ విడిగా ఇవ్వాలన్నది నిబంధన. లేదనడం తప్పు, అందులో దాచేదేం లేదు. ఇంటికో లిస్టు పెడితే నెలాఖరున వసూళ్ల దగ్గర తల తిరుగుతుంది, అందుకే అందరం ప్యాక్‌లే ముందు పెడతాం. గట్టిగా అడగండి, రాసి ఇవ్వండి. ఇంకో మాట, 2023 ఫిబ్రవరిలో ధరల గొడవొచ్చి చానెళ్లు నడిపే పెద్ద బ్రాడ్‌కాస్టర్లు కేబుల్ నెట్‌వర్కులకి సిగ్నల్ ఆపేశారు. ఆ తగువులో మా ప్రమేయం ఏమీ లేదు. గుమ్మం ముందు నిలబడి తిట్లు తిన్నది మాత్రం మేమే.

విశాఖ ఎండాడ

మావయ్యగారి క్రికెట్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? ఫ్రీ డిష్ పెట్టించడానికి నాకు కనిపించే గట్టి కారణం అదొక్కటే.

2007లో ఒక చట్టం వచ్చింది. దేశానికి ముఖ్యమైన ఆటల ప్రసారాన్ని, హక్కులు కొన్న సంస్థ, దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. ఇండియా పురుషుల జట్టు ఆడే వన్డేలు, టీ20లు అందులోకి వస్తాయి. అయితే ఆ సిగ్నల్‌ని దూరదర్శన్ తన సొంత టవర్ల మీదా, ఫ్రీ డిష్ మీదా మాత్రమే వెయ్యాలని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఇండియా మ్యాచ్ నడుస్తున్నప్పుడు కేబుల్‌లో డీడీ స్పోర్ట్స్ పెడితే ఇంకేదో కార్యక్రమం వస్తుంది, పక్కింటి ఫ్రీ డిష్‌లో అదే డీడీ స్పోర్ట్స్‌లో మ్యాచ్ వస్తుంది. నెలనెలా కట్టేవాడికి రానిది కట్టనివాడికి వస్తుంది. ఈ సంగతి ఆపరేటర్లు చెప్పరు, చెబితే వాళ్లకి నష్టం. ఐపీఎల్ మాత్రం ఈ చట్టం కిందకి రాదు, దానికోసం ఫ్రీ డిష్ కొనకండి.

వైరు మీద బతుకు

చెప్పరు అనకండి, చెప్పినా నమ్మరు. "డీడీ కూడా ఆపేశావా" అని నన్నే నిలదీస్తారు.

ఆదిలాబాద్ అంగడి

మా ఇంటి మీద తాతల కాలం నాటి అల్యూమినియం కడ్డీల యాంటెనా ఇంకా ఉంది. అది తుడిచి పెట్టుకుంటే నడవదా? మా మేనల్లుడు అమెరికాల ఉంటడు, యాంటెనా పెట్టి కేబుల్ తీసేసినమని ఫోన్ల గొప్పలు చెప్తున్నడు.

డాలస్ తెలుగోడు

ఆ మేనల్లుడు చెప్పింది నిజమే కానీ అది ఇక్కడి కథ. ఇక్కడ ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ లాంటి పెద్ద చానెళ్లన్నీ స్థానిక స్టేషన్ల ద్వారా గాల్లో ఉచితంగానే వస్తాయి, హెచ్‌డీలో. 2009 జూన్ 12తో పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కి మారిపోయాయి. మా ఊరికి టవర్లన్నీ సీడర్ హిల్ దగ్గర గుట్ట మీద ఉన్నాయి. అటకలో యాంటెనా పెట్టి అటువైపు తిప్పితే చాలు. సొంత ఇంటి మీదో, మన వాడకంలోనే ఉన్న బాల్కనీలోనో యాంటెనా పెట్టుకుంటే కాలనీ సంఘం అడ్డుపడకూడదని 1996 నుంచి ఇక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నియమం కూడా ఉంది.

మన దేశంలో ప్రైవేటు చానెళ్లు టవర్ల ద్వారా రావు. గాల్లో వచ్చేది దూరదర్శన్ ఒక్కటే, దాని పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు కూడా, సరిహద్దుల్లాంటి చోట కొన్ని తప్ప, 2022 మార్చి నాటికి దాదాపు అన్నీ మూసేశారు. కాబట్టి ఆ కడ్డీలు పాత సామాన్ల వాడికి వేసేయొచ్చు. ఇంకా ఆన్‌లైన్‌లో "స్మార్ట్ యాంటెనా, వెయ్యి చానెళ్లు ఉచితం" అని అమ్ముతుంటారు. కొనకండి.

మియాపూర్ గారికి ఒక మాట. ఇక్కడ కేబుల్ వదిలేసి జనం పరిగెత్తింది, నెలనెలా డబ్బు కట్టించుకుని ఇంటర్నెట్‌లో లైవ్ చానెళ్లు ఇచ్చే యూట్యూబ్ టీవీ లాంటి వాటి దగ్గరికి. అది 2017లో నెలకి 35 డాలర్లతో మొదలైంది, 2025 జనవరిలో 82.99 చేశారు. వదిలించుకున్న కేబుల్ బిల్లు ఎంతో అక్కడికే చేరింది. అమ్మానాన్న ఇక్కడికి వచ్చిన ఆరు నెలలూ నా యాంటెనా అలంకారమే, తెలుగు చానెళ్ల యాప్‌కి వేరే కట్టాల్సిందే.

కాకినాడ గుడారిగుంట

డబ్బు లెక్కలే వేస్తున్నారు గానండీ, రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో చూడరేంటండీ? మా అమ్మ ఒక్కతే ఉంటుంది. పోయినేడాది మా తమ్ముడు వచ్చి కేబుల్ తీయించేసి స్మార్ట్ టీవీ కొని, యాప్‌లన్నీ పెట్టి వెళ్లాడండీ. కేబుల్ అయితే నంబరు నొక్కితే చానెల్ వచ్చేసేది. ఇప్పుడు యాప్ తెరవాలి, ప్రొఫైల్ ఎవరిదని అడుగుతుంది, ఉన్నట్టుండి లాగౌట్ అయిపోతుంది. ఓటీపీ బెంగళూరులో తమ్ముడి ఫోన్‌కి వస్తుంది, వాడు మీటింగులో ఉంటాడు. ఈలోగా సీరియల్ అయిపోతుందండీ. కరెంటు పోయి వచ్చిందంటే వైఫై డబ్బా మళ్లీ వెలిగేదాకా కూర్చోవాలి. అమ్మ ఇప్పుడు సాయంత్రాలు పక్కింట్లో చూస్తోందండీ, వాళ్లకి కేబుల్ ఉంది. మిగిలిన డబ్బులతో పక్కింటికి పళ్లు కొనిస్తోంది.

కరీంనగర్ పోరడు

అక్కా, నువ్వు చెప్పినంక ఇగ నేను చెప్పేటిది ఏం లేదు.

మియాపూర్ ఫ్లాట్

యాప్‌లు వాడటం నేర్చుకోవచ్చండీ, మా నాన్న నేర్చుకున్నారు. ధర గురించి డాలస్ అన్న చెప్పింది ఆలోచించాల్సిందే, అయినా మన దగ్గర పోటీ ఉంది. 399 బదులు ఇంకో రెండొందలు కడితే పదీ పన్నెండు ఓటీటీలు కలిపి ఇచ్చే ఫైబర్ ప్లాన్లు ఉన్నాయి. చూడనివి వదిలేస్తే సరి.

వైరు మీద బతుకు

చూడనివి కూడా కలిపి ఒక రేటుకి ఇస్తే మేమైతే అంటగట్టినట్టు, వాళ్లయితే ఆఫర్ ఇచ్చినట్టు. సరేలెండి.

నెల్లూరు ట్రంకు రోడ్డు

ఫైబర్ లేని ఊళ్ల సంగతి కూడా చూడండి. మా చెల్లెలి ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి టీవీ చూద్దామనుకున్నారు. మామూలు క్వాలిటీలో గంటకి ఒక జీబీ, హెచ్‌డీ అయితే మూడు దాకా పోతుంది. రోజుకి రెండు జీబీల ప్లాన్ ఒక్క సీరియల్‌కి, ఒక బులెటిన్‌కి సరి. ఫైబర్ ఉన్నవాళ్లకి ఆ బాధ లేదు, చాలా ప్లాన్లలో నెలకి మూడు వేల జీబీల పైనే ఇస్తారు. అది లేని చోట కేబులే చౌక. ఇంటర్నెట్ ఎలాగూ ఉందిగా అని లెక్కలోంచి తీసేసేవాళ్లు ఆ 'ఎలాగూ' అందరికీ ఉండదని గుర్తుపెట్టుకోవాలి.

తెనాలి డాబా

అందరివీ చదివాను. అత్తయ్యగారిని అడిగితే స్టార్ మా, జీ తెలుగు ఖాయం, ఈటీవీ "ఉంటే మంచిది" అన్నారు. మూడింటికీ యాప్‌లు తీసుకోవడం కన్నా ఆపరేటర్ గారు చెప్పిన 220 దారే నయంగా ఉంది. మా కేబుల్ కుర్రాడు నెలాఖరుకి వసూలుకి వస్తాడు, కాగితం మీద రాసి చేతిలో పెడతాను. ఫ్రీ డిష్ మాత్రం మావయ్యగారి మ్యాచ్‌ల కోసం పెట్టిస్తున్నాను. కేబుల్‌లో మిగిలే డబ్బుతో దాని ఖర్చు ఏడాదిన్నర లోపే తీరిపోతుంది. ఒక్క సందేహం. మా డాబాకి ఆనుకునే రెండంతస్తుల ఇల్లు కడుతున్నారు. డిష్‌కి అడ్డం వస్తుందా?

విశాఖ ఎండాడ

ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి. మీకు ఆగ్నేయం వైపు పడుతుంది. డిష్ మూలన కూడా వాస్తు కుదిరింది, ఇంకేం కావాలి. ఉపగ్రహం మన దగ్గర నేలకి అరవై డిగ్రీల పైన, బాగా ఎత్తున ఉంటుంది. ఆ ఇల్లు ఆగ్నేయానికే ఉన్నా గోడ నుంచి కాస్త ఎడంగా పెడితే రెండంతస్తులు అడ్డురావు. కొబ్బరిచెట్టు ఉంటే మాత్రం చూసుకోండి, గాలికి మట్టలు ఊగినప్పుడల్లా బొమ్మ పోతుంది. కుండపోత వానలో ఎలాగూ పోతుంది, అది ఏ డిష్‌కైనా తప్పదు. బాక్సు కొనేటప్పుడు కొత్త రకం, ఎంపెగ్-4ది అడిగి తీసుకోండి. పాత ఎంపెగ్-2 బాక్సులో కొన్ని చానెళ్లు రావు.